పడవకు ఇంజిను, ఏటికి పడవ



రాయచూరు జిల్లాకు ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. ఈ రెంటి నడుమ ఉన్న నేలనే చరిత్రకారులు రాయచూరు అంతర్వేది అంటారు. ఈ నేల కోసం విజయనగర రాజులు, బహమనీ సుల్తానులు, ఆ తరువాత బిజాపూరు వాళ్లు తరతరాలుగా కొట్లాడుకున్నారు. 1520లో కృష్ణదేవరాయలకూ ఇస్మాయిల్ ఆదిల్‌షాకూ జరిగిన యుద్ధంలో ఓడిన సైన్యం వెనక్కి పరుగెత్తి కృష్ణలో పడింది. చాలామంది అక్కడే మునిగిపోయారని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. కత్తికి దక్కనివాళ్లను ఏరు తీసుకుపోయిందన్నమాట. ఏరు దాటడమనేది మన ప్రాంతంలో అంత పెద్ద సమస్య.

అయితే ఒక సందేహం వస్తుంది. రెండు పక్కలా ఇంత పెద్ద నదులున్న చోట పడవలు కట్టే విద్య బాగా పెరిగి ఉండాలి గదా! గోదావరి మీద లాంచీలు తిరిగాయి. కాకినాడ తీరంలో మరపడవలు వచ్చాయి. మన కృష్ణ మీద మాత్రం, దేవసూగూరు నుంచి కురువాపురం దాకా చూసినా, మొన్నమొన్నటివరకు మనకు కనిపించింది పుట్టి ఒక్కటే. వేగంగా పోయే డీజిలు పడవ మన ఏటికి ఎందుకు రాలేదు? అసలు అటువంటి పడవను ఎలా కడతారు? పాత ఇంజిను తీసి కొత్తది పెట్టాలంటే ఏమేం ఆలోచించాలి? ఈ చరిత్ర ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం. సముద్రం దాకా పోయి రావలసి ఉంటుంది, కొంచెం ఓపిక పట్టండి.

ముందు పుట్టి సంగతి. పాత తెలుగులో దీన్నే అరిగోలు అన్నారు. కన్నడంలో హరిగోలు. వెదురు బద్దలతో పెద్ద గంపలాగా అల్లి, పైన తోలు తొడిగేవాళ్లు. తోలు పోయి తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టా వచ్చాయి. ఈ మధ్య ఫైబరు పుట్లు కూడా వచ్చాయి. ఆకారం మాత్రం మారలేదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన డోమింగో పాయెస్ తుంగభద్ర మీద ఆనెగొందికి దాటే పుట్లను గురించి రాశాడు. గంపల్లాగా గుండ్రంగా ఉంటాయనీ, పదిహేను ఇరవై మంది పడతారనీ, అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ ఎక్కిస్తారనీ, తిన్నగా పోలేక గిరగిరా తిరుగుతూ పోతాయనీ అన్నాడు. 1997లో కొప్పళ జిల్లా విడిపోయేదాకా ఆ ఆనెగొంది మన రాయచూరు జిల్లాలోనే ఉండేది. అంటే మన పుట్టికి అయిదువందల ఏళ్ల కిందటి సాక్షి దొరికాడు.

అంతకన్నా ముందే, పన్నెండో శతాబ్దంలో, పడవ నడిపి బతికిన అంబిగర చౌడయ్య శరణుల నడుమ వచనాలు చెప్పాడు. కుల వృత్తిని పేరులోనే నిలుపుకున్న మనిషి ఆయన. చాలాకాలం తరువాత 1803లో, మరాఠాల మీదికి దండయాత్రకు బయలుదేరిన ఆర్థర్ వెల్లెస్లీ, ఆ తరువాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ ప్రభువు, మన నదులు దాటడానికి ఈ గంప పడవలనే చేయించాడు. సముద్రాలను ఏలే ఇంగ్లీషు వాళ్ల దగ్గర ఓడలకు కొదవ లేదు. అయినా మన ఏటికి వచ్చేసరికి మేదరి అల్లిన గంపే పనికొచ్చింది. దీన్ని వెనకబాటుతనం అనుకోకండి. కారణం ఉంది.

కృష్ణ మన జిల్లాలో ఇసుక మీద పారే నది కాదు. నల్లరాతి నేల మీద పారుతుంది. వేసవిలో చూస్తే ఏటి నిండా బండలు, నడుమ నడుమ మడుగులు, వాటి మధ్య సన్నని పాయలు. వానాకాలంలో పడమటి కనుమల నీళ్లు వచ్చాయంటే ఆ బండలన్నీ మునిగిపోతాయి. మునుగుతాయేగాని పోవు. నీటికి జానెడు లోపల కాచుకుని కూర్చుంటాయి. అటువంటి చోట కింద దూలమూ వెనక పంకా ఉన్న పడవ వచ్చిందంటే మొదటి బండకే పంకా విరుగుతుంది. పుట్టికి దూలం లేదు, పంకా లేదు. అడుగు చదును. జానెడు నీళ్లుంటే చాలు. బండ తగిలితే వెదురు వంగుతుంది, పుట్టి పక్కకు తిరుగుతుంది. పాయెస్ లోపంగా చెప్పిన ఆ గిరగిరా తిరగడమే దాని ప్రాణరక్షణ.

ఆవిరి యంత్రం వచ్చినప్పుడు మన నదుల మీద పెద్ద ఆశలే పెట్టుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్టను 1847 నుంచి 1852 దాకా కట్టించిన ఆర్థర్ కాటన్‌కు సాగునీటి మీద ఎంత పట్టుదలో నీటిదారుల మీదా అంతే. రైళ్లకంటే కాలువలే చవక అని ఆయన వాదన. గోదావరి ఎగువన దుమ్ముగూడెం వంటి చోట్ల రాతిమిట్టలను తప్పించి పడవలు పోయేందుకు లాకులు కట్టే పని సాగింది. 1871లో ప్రభుత్వం ఆ పని ఆపేసింది. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ కర్నూలు-కడప కాలువ. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, సుమారు 300 కిలోమీటర్ల కాలువను 1863 నుంచి 1870 దాకా ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది. పంటలకు నీళ్లూ, సరుకుకు పడవలూ రెండూ దాని ఉద్దేశం. లాభం రాలేదు. 1882లో ప్రభుత్వం కొనేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1871లో, మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గమూ బొంబాయి నుంచి వచ్చిన మార్గమూ ఎక్కడ కలిశాయో మీకు తెలుసు. మన రాయచూరులోనే! ఇంజిను మన ఊరికి పట్టాల మీద వచ్చింది, నీళ్ల మీద రాలేదు. ఇక ఏటి మీద మరపడవ ఎవరు అడుగుతారు? గడ్డల మీద, అంటే ఏటి నడుమ దీవుల్లో, కాపురమున్న వాళ్లు తప్ప.

వాళ్ల సంగతి చివర చెబుతాను. ఇప్పుడు ఇంజిను దగ్గరికి వద్దాం.

డీజిలు ఇంజిను అంటే మన రైతుకు కొత్త కాదు. కరెంటు రాని రోజుల్లో బావి గట్టున, ఏటి ఒడ్డున టుక్ టుక్‌మని కొట్టుకుంటూ నీళ్లు తోడింది అదే. దాన్ని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో 1897లో నడిపి చూపించిన ఇంజిను దాదాపు 10 అడుగుల ఎత్తు. దాని బలం 20 గుర్రాలు మాత్రమే. ఇప్పుడు ఒక చిన్న ట్రాక్టరుకు అంతకంటే ఎక్కువ బలం ఉంటుంది. అయితే అది వేసిన నూనెలో నాలుగో వంతుకు పైగా పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాలకు అందులో సగం కూడా చేతకాలేదు. 1903లో రష్యాలో వోల్గా నది మీద తిరిగిన వాండాల్ అనే నూనెపడవకూ, ఫ్రాన్సులో పెతీ పియెర్ అనే కాలువ పడవకూ డీజిలు ఇంజిను పెట్టారు. చూడండి, డీజిలు ముందు ఎక్కింది నదుల మీది పడవలే. సముద్రం దాటిన పెద్ద ఓడ సెలాండియా 1912లో వచ్చింది.

కాని ఇవన్నీ నింపాదిగా పోయేవి. వేగం అనగానే డీజిలు వెనకబడింది. కారణం బరువు. డీజిలు ఇంజినులో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడికే నూనె అంటుకునేట్టు చేస్తారు. అంత నొక్కుడుకు తట్టుకోవాలంటే ఇనుము మందంగా ఉండాలి. మందమైతే బరువు. బరువైతే పడవ లేవదు. అందుకని తొలి పరుగు పడవలన్నీ పెట్రోలువే. పెట్రోలుకు ఇంకొక రోగం ఉంది. దాని ఆవిరి గాలికంటే బరువు. కారులో అయితే కారిన ఆవిరి కిందికి దిగి పోతుంది. పడవలో ఎక్కడికి పోతుంది? అడుగున చేరి కూర్చుంటుంది. ఒక్క రవ్వ చాలు. రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషు వాళ్ల వేగపు పడవలు ఎక్కువగా పెట్రోలు మీద నడిచాయి. జర్మన్లు మాత్రం పట్టుబట్టి డైమ్లర్-బెంజ్ డీజిళ్లు పెట్టారు. ఒక్కొక్కటి సుమారు 2,000 గుర్రాలు, పడవకు మూడేసి. తేలిక లోహపు చట్రం మీద కొయ్య పలకలు బిగించిన ఆ పడవలు గంటకు 35 నాట్లు దాటి పరుగెత్తాయి. నాట్ అంటే గంటకు 1,852 మీటర్లు. వేగానికి డీజిలు పనికిరాదన్న మాట అక్కడితో తప్పిపోయింది.

ఇప్పుడు నేను ముఖ్యమనుకున్న సంగతి చెప్పాలి. పడవల్లో రెండు జాతులున్నాయి. నీటిని చీల్చుకుంటూ, పక్కకు నెట్టుకుంటూ పోయేది ఒకటి. నీటి మీదికి లేచి, మనం పిల్లప్పుడు చెరువులో చిల్లపెంకు విసిరితే అది ఎగిరెగిరి పోయినట్టు, పైపైన జారుతూ పోయేది రెండోది. లాంచీ, నావ, పెద్ద ఓడ మొదటి జాతి. పరుగు పడవ రెండో జాతి. మొదటి జాతి పడవ వేగానికి దాని పొడవే హద్దు. పొడవును అడుగుల్లో తీసుకుని, వర్గమూలం కట్టి, దానికి మూడోవంతు కలిపితే నాట్లలో ఆ హద్దు వస్తుంది. 36 అడుగుల లాంచీ ఉందనుకోండి. వర్గమూలం 6. మూడోవంతు కలిపితే 8 నాట్లు. అంటే గంటకు 15 కిలోమీటర్లు. అంతకుమించి పోవాలని ఇంజిను బలం రెట్టింపు చేస్తే ఏమవుతుంది? పడవ తాను లేపిన అల మీదికి తానే ఎక్కలేక, ముక్కు పైకెత్తి, తోక దింపి, నూనె తాగుతుంది. వేగం మాత్రం ఒకటి రెండు నాట్లు పెరిగితే గొప్ప.

కాకినాడలో పెద్దవయసు మెకానిక్కు ఒకాయనతో ఒకసారి గంటసేపు కూర్చున్నాను. మరపడవల ఇంజిన్లు దించి ఎక్కించడంలోనే ఆయన జీవితం గడిచింది. మన దేశంలో మరపడవలకు లారీల ఇంజిన్లనే నీటికి తగ్గట్టు మార్చి పెట్టడం బాగా వాడుక. అశోక్ లేలాండ్ వాళ్లు అలా మార్చిన ఇంజిన్లను తామే అమ్మారు. నేను ఆయన్ను, "మామూలు పడవకు పెద్ద ఇంజిను పెడితే వేగం రాదా తాతా?" అని అడిగాను. ఆయన నవ్వి, "ముసలి ఎద్దుల బండికి రైలింజిను కడితే ఏమైద్ది బాబూ? ఇరుసు ఊడొచ్చుద్ది, బండి ఆడనే ఉంటది" అన్నాడు. ఒకతను తనకు చెప్పకుండా బరువైన ఇంజిను తెచ్చి పెట్టించుకున్నాడట. మొదటి రోజు ఒడ్డున అంతా బాగుంది. చేపలు నింపుకుని తిరిగి వస్తుంటే వెనకభాగం కుంగి, అల వచ్చి వెనకనుంచి లోపలికి దూకిందట. మనుషులు దక్కారు, పడవ దక్కలేదు. ఆ మాట చెప్పి ఆయన చాలాసేపు ఊరకున్నాడు.

పరుగు పడవ అడుగు ఎలా ఉండాలన్న ప్రశ్నకు 1950ల చివర, 1960 తొలి రోజుల్లో మంచి జవాబు దొరికింది. అమెరికాలో రేమండ్ హంట్ అనే రూపకర్త పడవ అడుగును ముక్కు నుంచి వెనకదాకా లోతైన నాగటికర్రు ఆకారంలో, రెండువైపులా ఏటవాలుగా గీశాడు. చదును అడుగు అలల మీద దబదబా కొట్టుకుంటే, ఈ అడుగు అలను కోసుకుంటూ దిగింది. 1960లో మయామీ నుంచి నసావు దాకా జరిగిన సముద్రపు పందెంలో ఆ రూపంతో కట్టిన మాపీ అనే పడవ పోటుగాలిలో గెలిచింది. ఆనాటినుంచి ప్రపంచమంతా అదే దారి పట్టింది.

అదే కాలంలో ఇటలీలో ఇంకొకాయన ఇదే పని ఇంకోవిధంగా చేస్తున్నాడు. పేరు రెనాటో లెవీ. అందరూ సోనీ లెవీ అనేవాళ్లు. ఇటాలియను కుటుంబం, కాని పుట్టింది 1926లో కరాచీలో. పడవలు కట్టడం మొదలుపెట్టింది బొంబాయిలో! తండ్రి వ్యాపారం అక్కడ ఉండేది. విమానాల ఇంజనీరింగు చదివి వచ్చిన ఈయన 1950లలో బొంబాయి కార్ఖానాలో మన వడ్రంగుల చేత పడవలు కట్టించాడు. తరువాత ఇటలీ వెళ్లి పేరు తెచ్చుకున్నాడు. ఆయన గీసిన అస్పెరంజియెల్లా 1963లో ఇంగ్లాండులోని కౌజ్-టార్కీ పందెం గెలిచింది. సర్ఫ్యూరీ అనే పడవ 1967లో అదే పందెం గెలిచింది. 1971లో ఆయన రాసిన పుస్తకం పేరులోనే అరబ్బుల ధౌ పడవా, తాను గీసిన త్రికోణపు పడవా రెండూ ఉన్నాయి. బొంబాయి రేవులో ధౌలను చూసిన కళ్లు అవి మరి. మన దేశపు వడ్రంగి చేతుల మీద మొదలైన ఆ పనిని మనం ఎందుకు ముందుకు తీసుకుపోలేదన్నది నా మనసులో ఉండిపోయిన ప్రశ్న.

ఆ సోనీ లెవీ గీసిన మరొక పడవ డీజిలు శక్తిని లోకానికి చూపించింది. 1986 జూన్‌లో రిచర్డ్ బ్రాన్సన్ బృందం అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటిన వర్జిన్ అట్లాంటిక్ చాలెంజర్-2. దాదాపు 72 అడుగుల అల్యూమినియం పడవ. రెండు ఎం.టి.యు. డీజిలు ఇంజిన్లు, ఒక్కొక్కటి 2,000 గుర్రాలు. ఇందాక చెప్పిన డైమ్లర్-బెంజ్ వంశానికి చెందిన ఇంజిన్లే ఇవి. అంతకుముందు ఏడాది చేసిన ప్రయత్నంలో మొదటి పడవ గమ్యానికి కాస్త దూరంలోనే మునిగిపోయింది. ఈ రెండోది దారిలో నూనె నింపుకుంటూ పోతుండగా, నింపిన డీజిలులో నీళ్లు కలిసి ఉన్నాయని తేలింది. రెండువేల గుర్రాల ఇంజిను అయినా, మన బావి గట్టు ఇంజిను అయినా, నూనెలో నీళ్లు పడితే చేసేది ఒకటే పని. ఆగిపోతుంది. ఫిల్టర్లు మార్చుకుంటూ, ఇంజిన్లు లేపుకుంటూ గంటలకు గంటలు అక్కడే పోయాయి. అయినా 3 రోజుల 8 గంటల 31 నిమిషాల్లో ఒడ్డు చేరారు. 1952లో యునైటెడ్ స్టేట్స్ అనే మహానౌక పెట్టిన రికార్డు కంటే రెండు గంటలు ముందు. పంపుసెట్టు ఫిల్టరు విప్పి ఊదిన మన రైతు ఎవరైనా ఆ పడవలో ఉంటే వాళ్ల బాధ చప్పున అర్థం చేసుకునేవాడు.

ఇక ఇటువంటి పడవకు ఇరవై ముప్పై ఏళ్ల తరువాత ఇంజిను మార్చాలంటే ఏం చూస్తారు? పడవ ఒళ్లు ఫైబరుతోనో మంచి కొయ్యతోనో కడితే ఇంజినుకంటే ఎక్కువకాలం బతుకుతుంది. కాబట్టి ఇంజిను మార్పు ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. మొదట తూకం. పాత ఇంజిను బరువెంత, కొత్తదానిదెంత, అది పడవలో ఎక్కడ కూర్చుంటుంది? మన ఎడ్లబండిలో బస్తాలు వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుంది, ముందుకు వేస్తే ఎద్దుల మెడ మీద పడుతుంది. పడవా అంతే. కొత్తకాలపు డీజిళ్లు తేలిక. సిలిండరులోకి గాలిని బలవంతంగా తోసే టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఏర్పాటు రెండూ కలిసి, తక్కువ ఇనుములోనే ఎక్కువ బలం పుట్టిస్తాయి. అందువల్ల పాతదాని చోట కొత్తది పెడితే వెనకభాగం తేలిపోయి ముక్కు దిగే ప్రమాదం కూడా ఉంది. అప్పుడు ఇంజినునో నూనె ట్యాంకునో వెనక్కి జరుపుతారు.

తరువాత ఇంజిను కూర్చునే దూలాలు. వీటిని పడవ అడుగుతో ఏకంగా, పొడవునా పోయేట్టు కట్టాలి. బలమంతా వాటిద్వారానే పడవకు అందుతుంది. ఆపైన గేరు. కొత్త ఇంజిను నిమిషానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. పంకా అంత తిరిగితే నీటిని పట్టుకోలేదు, నురగ చేస్తుంది. కాబట్టి తగిన గేరు, దానికి తగిన పంకా, ఆ పంకాను మోసే ఇరుసు అన్నీ మార్చాలి. పంకా ఆకుల వాలు ఎక్కువైతే ఇంజిను మూలుగుతుంది, పొగ కక్కుతుంది. తక్కువైతే ఒట్టిగా పరుగెత్తుతుంది. పరుగు జాతి పడవలో కూడా వేగం రెట్టింపు కావాలంటే బలం సుమారు నాలుగింతలు కావాలి. ఈ లెక్క తెలియకనే చాలామంది డబ్బు నీళ్లపాలు చేసుకున్నారు. చివరికి చల్లబరిచే నీరు, పొగ గొట్టం, గాలి వచ్చే దారి. లోపల చాలినంత గాలి లేక కొత్త ఇంజినులు చచ్చిన సందర్భాలు ఎన్నో.

మన తీరానికి తగిన మరపడవ ఎలా ఉండాలని ఆలోచించినవాళ్లూ ఉన్నారు. 1979లో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ బంగాళాఖాతం జాలర్ల కోసం ఒక పథకం మొదలుపెట్టింది. తూర్పు తీరంలో చాలాచోట్ల రేవు లేదు, అలలు విరిగే ఇసుక ఒడ్డే రేవు. అక్కడ పంకా ఇసుకలో గుచ్చుకుంటుంది. అందుకని చిన్న డీజిలు ఇంజినును ఒక కీలు మీద నిలబెట్టి, ఒడ్డు రాగానే పంకా పైకి లేచేట్టు ఒక ఏర్పాటు చేశారు. ఇంజినుకు తగినట్టు నీళ్లను మార్చలేం గదా, నీళ్లకు తగినట్టు ఇంజినును వంచారు. నాకు ఈ చిన్న పడవ ఆ అట్లాంటిక్ పడవకంటే ఎక్కువ ముద్దు వస్తుంది.

వరద వచ్చినప్పుడు మన జిల్లా కూడా మరపడవలను చూసింది. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగింది, కర్నూలు మునిగింది, మన పల్లెలు మునిగాయి. 2019 ఆగస్టులో నారాయణపూరు ఆనకట్ట నుంచి భారీగా నీళ్లు వదిలినప్పుడు లింగసుగూరు తాలూకా గడ్డలకు దారులు తెగిపోయాయి. ఇటువంటి సమయాల్లో వచ్చే రక్షణ దళాల పడవలు గాలి నింపే రబ్బరు పడవలు. వెనక తగిలించిన మోటారు, బండ వస్తే పైకి లేస్తుంది. చదును అడుగు, తేలిక ఒళ్లు, తగిలితే వంగే గుణం. కొంచెం ఆలోచిస్తే ఇది మోటారు పెట్టిన పుట్టే.

అదే 2019లో, సెప్టెంబరు 15న, గోదావరి మీద కచ్చులూరు దగ్గర పర్యాటకుల లాంచీ మునిగింది. పడవలో 77 మంది. బయటపడినవాళ్లు 26 మంది. నదిలో అయిదు లక్షల క్యూసెక్కుల ప్రవాహం ఉందని అప్పటి వార్తలు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఎంతో శ్రమపడి 38వ రోజున ఆ పడవను బయటికి లాగింది. తప్పు ఎవరిదో తేల్చడం నా పని కాదు. ఒక లెక్క మాత్రం చెబుతాను. ఇందాకటి 36 అడుగుల లాంచీ హద్దు 8 నాట్లు అనుకున్నాం. కొండల నడుమ ఇరుకైన చోట వరదనీరే ఆరు నాట్లతో ఎదురొస్తే ఆ పడవకు మిగిలేది రెండు నాట్లు. అంటే మనిషి నడకకంటే తక్కువ. ఒక్క క్షణం ఇంజిను బలం తగ్గితే అడ్డం తిరగక తప్పదు.

ఇప్పుడు గడ్డలవాళ్ల సంగతి. 2020 ఆగస్టులో కురువకుల నుంచి అవతలి ఒడ్డున తెలంగాణలోని పంచదేవ్‌పహాడ్‌కు పోతున్న పుట్టి కృష్ణలో బోల్తాపడింది. పదమూడు మందిలో నలుగురు గల్లంతయ్యారు. సంతకూ, బంధువుల ఇంటికీ, ఆసుపత్రికీ పోయే దారి వాళ్లకు అదే. ఈ ఒడ్డున కన్నడం, ఆ ఒడ్డున తెలుగు, నడుమ పుట్టి. వంతెన కావాలని వాళ్లు ఏళ్లతరబడి అడుగుతూ వచ్చారు.

కురువాపురం శ్రీపాద శ్రీవల్లభుల దర్శనానికి ఒకసారి పంచదేవ్‌పహాడ్ వైపు నుంచి పుట్టిలో పోయాను. తెడ్డు వేస్తున్నాయనకు అరవై ఏళ్లుంటాయి. ఒడ్డున నేను మరపడవల సంగతి ఎవరితోనో చెబుతుంటే విన్నాడు. నడి ఏట్లోకి వచ్చాక అడిగాడు.

"సారూ, మీ మర పడవకు ఎంత నీళ్లు గావాలె?"

"చిన్నదైనా రెండున్నర అడుగులు కావాలి అన్నా."

ఆయన తెడ్డు ఆపి ముందుకు చూపించాడు. పదిగజాల దూరంలో, చుట్టూ నీళ్లు పారుతున్నచోట, ఒక కొంగ మోకాళ్లు కూడా తడవకుండా నిలబడి ఉంది.

"మరి ఆడ ఎట్ల పోతరు?" అని, తెడ్డు ఒక్క తోపు తోసి, పుట్టిని పక్కకు తిప్పాడు.